చెప్పుల సైజు చెప్పిన జబ్బు

మా చిన్నాయన కాలు 8వ నంబరు. కర్నూలు వన్‌టౌన్‌లో ఒకే అంగట్లో ఇరవై ఏళ్లుగా చెప్పులు కొంటున్నాడు. ఒకసారి 9 అడిగాడు. రెండేళ్లకు 10. అంగడాయన పెట్టె తీస్తూ, “ఏందన్నా, పిల్లోళ్ల మాదిరి నీ కాళ్లు ఇంకా పెరుగుతాండాయా?” అన్నాడు. అందరం నవ్వాం. యాభై ఏళ్ల మనిషికి పాదం పెరగకూడదు కదా అని ఒక్కరికీ తట్టలేదు.

అంతకుముందే ఉంగరం ఇరుక్కుపోతే కంసాలి దగ్గర కోయించాడు. ఒళ్లు చేశాడులే అనుకున్నాం. షుగర్ వచ్చింది, మా ఇంట్లో అందరికీ ఉన్నదే. బీపీ వచ్చింది. గురక పక్కింటికి వినబడేది. పళ్ల మధ్య సందులు పడితే పళ్ల డాక్టరు, వేళ్లు తిమ్మిరెక్కితే నరాల డాక్టరు. ఒక్కో బాధకు ఒక్కో గుమ్మం. అన్నీ కలిపి ఒకటే జబ్బని తేలడానికి ఆరేళ్లు పట్టింది. తేల్చింది షుగర్ చూపించుకోవడానికి పోయిన చోట ఒక కుర్ర డాక్టరమ్మ. ఫైలు పక్కన పెట్టి, “మీ పెళ్లి ఫోటో ఏమైనా ఉందా?” అని అడిగింది. మా చిన్నమ్మ ఇంటికొచ్చి బీరువాలోంచి ఆల్బమ్ తీసుకుపోయింది. ఆ ఫోటోలో కనుబొమల ఎముక ఇంత ముందుకు లేదు, ముక్కు ఇంత వెడల్పు లేదు, కింది దవడ పై దవడను దాటలేదు. ఫోటోలో ఉన్నాయనకు, కుర్చీలో కూర్చున్నాయన అన్నలా ఉన్నాడు. రోజూ చూసే మాకు ఆ తేడా కనబడలేదు.

ఈ జబ్బు పేరు అక్రోమెగాలి. 1886లో పియరీ మారీ అనే ఫ్రెంచి డాక్టరు పెట్టిన పేరు. చేతులు, కాళ్ల కొసలు పెద్దవి కావడం అని అర్థం. మూలం మాత్రం కాళ్లలోనూ లేదు, చేతుల్లోనూ లేదు. ముక్కు వెనకాల, మెదడు అడుగున, ఎముకలో చిన్న గుంట ఉంటుంది. అందులో శనగగింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది. బడి పుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నది ఇదే. బరువు అర గ్రాము.

అంత చిన్నది ఇంత పని ఎలా చేస్తుందో కె.సి. (కర్నూలు-కడప) కాలువ పక్క పెరిగినవాళ్లకు చెప్పడం తేలిక. సుంకేసుల బ్యారేజీలో నీళ్లు వదిలాక, షట్టర్ల దగ్గర లస్కర్ ఉంటాడు. పైనుంచి ఇంజనీరు ఆఫీసు చెప్పినంత ఎత్తుతాడు, గేజీ చూసి దించుతాడు. పిట్యూటరీ ఆ లస్కర్. దాని పైనున్న హైపోథాలమస్ ఇంజనీరు ఆఫీసు. థైరాయిడ్, కిడ్నీల మీదుండే అడ్రినల్, అండాశయాలు, వృషణాలు కింది ఆయకట్టు. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పిట్యూటరీ థైరాయిడ్‌ను పని చేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను పెంచుతుంది, నిండితే తగ్గిస్తుంది. ఎదుగుదల హార్మోన్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్ కూడా దాని చేతిలోవే.

ఆ గ్రంథిలో ఒక్క కణం దారి తప్పి, తనలాంటివాటినే పుట్టిస్తూ పోతే గడ్డ అవుతుంది. దాన్నే అడినోమా అంటారు. గేజీ చూడటం మానేసిన లస్కర్ అనుకోండి. అక్రోమెగాలిలో ఆ గడ్డ అదుపు లేకుండా వదిలేది ఎదుగుదల హార్మోన్‌ను, అందుకే కాళ్లు, చేతులు, దవడ పెరుగుతాయి. ఇది క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకడం అత్యంత అరుదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి ‘న్యూరోఎండోక్రైన్ ట్యూమర్’ అని కొత్త పేరు వచ్చింది. రిపోర్టులో ఆ మాట చూసి ఇంట్లో ఏడుపులు మొదలైన సంగతి నాకు తెలుసు. పేరు మారింది కానీ గడ్డ స్వభావం మారలేదు.

నిజానికి ఇది అరుదైన వస్తువు కూడా కాదు. వేరే కారణానికి తీసిన స్కానింగుల్లో, చనిపోయాక చేసే పరీక్షల్లో చూస్తే పది మందిలో ఒకరికి పైగా ఇక్కడ చిన్న గడ్డ కనబడుతుంది. చాలావాటికి హార్మోన్ పరీక్షలు చేసి, అప్పుడప్పుడు చూసుకుంటూ ఉంటే చాలు. 10 మిల్లీమీటర్ల లోపుంటే చిన్నది, ఆపైన పెద్దది.

పెద్దదైతే మొదట దెబ్బ తినేది చూపు. కంటి నరాలు రెండూ కలిసే చోటు సరిగ్గా గ్రంథి నెత్తి మీద ఉంటుంది. గడ్డ పైకి నెట్టితే ఎదుటిది కనబడుతుంది, పక్కలు కనబడవు. జట్కా గుర్రానికి కళ్ల పక్కన కట్టే గంతల్లాగ. అది మెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. గుమ్మానికి భుజం తగలడం, బండి మీద పోతుంటే పక్కనుంచి వచ్చే ఆటో ఉన్నట్టుండి ప్రత్యక్షం కావడం, ఇలాంటివే గుర్తులు. అద్దాలు మార్చినా తేడా ఉండదు.

చిన్నాయనకు చేసిన పరీక్ష నాకు భలే నచ్చింది. పరగడుపున 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటల పాటు మధ్యమధ్య రక్తం తీశారు. ఒంట్లోకి చక్కెర వస్తే ఎదుగుదల హార్మోన్ పడిపోవాలి. మామూలు మనిషికి పడిపోతుంది. ఈయనకు పడలేదు, షట్టర్ దిగలేదు. ఎమ్మారైలో 14 మిల్లీమీటర్ల గడ్డ కనబడింది.

“తల కోస్తారంట” అని ఊరంతా అన్నారు. తల కోయలేదు, ముక్కులోంచి పోయారు. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రక్‌లో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ మొదటిసారి ముక్కు దారి పట్టాడు. అప్పటికి ఎమ్మారై లేదు, యాంటీబయాటిక్స్ లేవు. ఇప్పుడు ఎండోస్కోపు దూర్చి, తెర మీద చూస్తూ తీస్తారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు తీస్తే పూర్తిగా నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ. పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుంటే కొంత మిగులుతుంది. ఆ మిగిలినదానికి నెలనెలా వేసే ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్లు, అవసరమైతే రేడియేషన్. రేడియేషన్ ఫలితం కనబడటానికి ఏళ్లు పడుతుంది.

ఆపరేషన్ తర్వాత మా పని మూత్రం కొలవడం. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి, పాత డైరీ ఒకటి. ఒంట్లో నీటిని ఆపే హార్మోన్ తాత్కాలికంగా తగ్గితే లీటర్లకు లీటర్లు పోతుంది. వారం పది రోజుల్లో దానికి రివర్స్‌గా, ఉప్పు పడిపోయి మత్తుగా మారేవాళ్లూ ఉన్నారు. అందుకే ఇంటికి పంపాక కూడా సోడియం చూస్తారు. ముక్కు చీదకూడదు, ముక్కి విరేచనానికి పోకూడదు. ముక్కులోంచి నీళ్లలా కారుతూ గొంతులో ఉప్పగా తగిలితే జలుబు అనుకోవద్దు, అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

అన్నిటికీ ఆపరేషన్ అక్కర్లేదు. హార్మోన్ వదిలే గడ్డల్లో ఎక్కువగా కనబడేది ప్రొలాక్టిన్‌ది, దానికి మొదటి మందు మాత్రే. నెలసరి ఆగిపోవడం, కాన్పు లేకుండా పాలు రావడం, పిల్లలు కలగకపోవడం దీని గుర్తులు. మన దగ్గర ఈ ఆడపిల్లలు డాక్టరు కంటే ముందు అత్తగారి మాటలు పడతారు. మగవాళ్లకైతే కోరిక తగ్గుతుంది. సిగ్గుపడి చెప్పరు, చూపు తగ్గాక వస్తారు. ప్రొలాక్టిన్‌ను పైనుంచి, అంటే హైపోథాలమస్ నుంచి వచ్చే డోపమైన్ అనే రసాయనం ఎప్పుడూ నొక్కి ఉంచుతుంది. క్యాబర్గోలిన్ మాత్ర ఆ డోపమైన్ పనే చేస్తుంది. వారానికి రెండుసార్లు వేసుకుంటే చాలామందికి హార్మోన్ దిగుతుంది, గడ్డా కుంచించుకుపోతుంది. మొదట్లో వికారం, తలతిరుగుడు ఉంటాయి, రాత్రి తిన్నాక వేసుకుంటే నయం. కొద్దిమందిలో పేకాట పిచ్చి, విపరీతంగా ఖర్చుపెట్టే ధోరణి వస్తాయి. ఇంట్లోవాళ్లు ఓ కన్నేసి ఉంచాలి.

అయితే ప్రొలాక్టిన్ పెరిగిందంటే గడ్డే అని కాదు. మనం బజ్జీలు తిన్న మర్నాడల్లా మింగే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో డోమ్‌పెరిడోన్ ఉంటుంది. అది డోపమైన్‌ను అడ్డుకుంటుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. గర్భం వచ్చినా, థైరాయిడ్ తగ్గినా పెరుగుతుంది. థైరాయిడ్ బాగా తగ్గి మందు లేకుండా ఉంటే ఇంకో తమాషా జరుగుతుంది. ఆయకట్టు ఎండుతుంటే లస్కర్ ఎత్తీ ఎత్తీ వాచిపోయినట్టు, గ్రంథే ఉబ్బి స్కానింగులో గడ్డలా కనబడుతుంది. థైరాక్సిన్ మాత్ర వేస్తే మామూలైపోతుంది. టీఎస్‌హెచ్ పరీక్ష చేయకుండా కత్తి దాకా పోకూడదనేది అందుకే.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఆలస్యం పనికిరాదు. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, కనురెప్ప వాలడం. గడ్డలో రక్తస్రావమై ఉండొచ్చు. తలనొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు. అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి పోవాలి.

చిన్నాయన ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకుంటాడు. ఆపరేషన్ తర్వాత అడ్రినల్‌కు చెప్పే హార్మోన్ సరిగ్గా రావడం లేదు. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు డోసు రెట్టింపు చేస్తాడు, మానేయడం మాత్రం ఎప్పుడూ లేదు. జేబులో ఆ సంగతి రాసిన చీటీ ఉంటుంది. గురక తగ్గింది, షుగర్ మాత్రలు సగమయ్యాయి, వేళ్ల వాపు దిగింది. కోయించిన ఉంగరాన్ని అదే కంసాలి దగ్గర మళ్లీ అతికించుకున్నాడు. పెరిగిన ఎముక వెనక్కి పోదు, అందుకని చెప్పులు మాత్రం ఇప్పటికీ 10వ నంబరే.