ఏరేటర్లు అక్కర్లేని చెరువు

మా బావమరిదికి భీమవరం అవతల రెండు రొయ్యల చెరువులున్నాయి. మొన్న పంటి నొప్పికి ఐదు రోజులు యాంటీబయోటిక్ వాడాడు. మూడో రోజుకే విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్తే చిటికెన వేలంత ప్లాస్టిక్ సీసాలు రాశారు. సీసా మీద పేరు చదివి అక్కణ్ణుంచే నాకు ఫోన్ కొట్టాడు.

"బావా, దీనిమీద బాసిల్లస్ అని ఉంది. చెరువులో పోయడానికి నేను తెచ్చిన కిలో ప్యాకెట్టు మీదా బాసిల్లస్ అనే ఉంది. బెల్లం, తవుడు వేసి డ్రమ్ములో నానబెట్టాను కూడా. అందులోంచి ఓ గ్లాసుడు తాగేస్తే పోదా? ఈ బుల్లి సీసాలకి అంత డబ్బెందుకు?"

ముందు ఆ డ్రమ్ము జోలికి వెళ్ళొద్దన్నాను. ప్రశ్న మాత్రం వారం రోజులు నన్ను వదల్లేదు.

బాక్టీరియాకి పేరు పెట్టే పద్ధతి అచ్చం మనదే. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. సీసా మీద రాసిన బాసిల్లస్ క్లాసీ అంటే బాసిల్లస్ వారి క్లాసీ. ఇది మందుల షాపులో దొరుకుతుంది. బాసిల్లస్ సబ్‌టిలిస్ చెరువుల్లోకి వెళ్తుంది. ఆంత్రాక్స్ తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్‌దీ అదే ఇంటిపేరు! పోనీ, సొంత పేరు చూస్తే సరిపోతుందా అంటే అదీ చాలదు. మా ఊళ్ళో వెంకటేశ్వరరావులు అరడజను మంది ఉండేవారు. మిల్లు వెంకటేశ్వరరావు, సోడా వెంకటేశ్వరరావు, పోస్టు వెంకటేశ్వరరావు అని చెబితే తప్ప ఎవరో తెలిసేది కాదు. బాక్టీరియాలో ఆ "మిల్లు", "సోడా"లనే స్ట్రెయిన్ అంటారు. ఒక్కోదానికి ఒక నంబరు ఇస్తారు. ఫలానా ప్రోబయోటిక్ (మేలు కోసం ఇచ్చే బతికున్న బాక్టీరియా) పనిచేసిందని పరిశోధనలో తేలితే ఆ నంబరున్నదానికే ఆ మంచిపేరు దక్కుతుంది. మిల్లాయన అప్పు సరిగ్గా తీర్చాడని సోడా ఆయనకి అప్పిస్తామా? ఇది చాలదన్నట్టు 2020లో లాక్టోబాసిల్లస్ వారి ఉమ్మడి కుటుంబం వేరుపడింది. ఒక్క ఇంటిపేరు కాస్తా 25 అయింది. నిన్నటిదాకా లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌గా తిరిగినాయన ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్. బళ్ళో చెప్పేవాణ్ణి, నాకే నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది.

మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అనే పాఠం ఇప్పుడు టీవీ ప్రకటనల్లోనే వస్తోంది కాబట్టి వదిలేస్తున్నాను. నాకు ఇష్టమైన సంగతి ఒక్కటే. ఊపిరి.

రొయ్యల రైతు భయమంతా తెల్లవారుజామున. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుంది. మూడు, నాలుగు గంటల వేళకి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. 4 పీపీఎం కిందకి దిగనివ్వకూడదని రైతు తాపత్రయం. ఆ వేళకి కరెంటు పోయి, జనరేటర్ మొరాయించిందా, రొయ్య తేలిపోతుంది. అందుకే డెల్టాలో రాత్రిపూట బండి మీద వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడే వినిపిస్తుంది.

మన పెద్దపేగు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఆక్సిజన్ ఉంటేనే ప్రమాదం.

సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా మన ఒంట్లో ఉంటాయని లెక్క. దాదాపు అన్నీ పెద్దపేగులోనే. ఆ ఊరిలో పెద్దలనదగ్గవి గాలి సోకితే చచ్చేవి. ఫీకాలిబాక్టీరియమ్ అని ఒకటుంది, బయటి గాలిలో నిమిషాల్లో పోతుంది. ఇవి బతకాలంటే పేగు లోపల ఆక్సిజన్ ఉండకూడదు. అయితే పేగు గోడ మందం ఎంతనుకున్నారు? లోపలి పొర ఒక్క కణం. ఆ ఒక్క కణానికి అటుపక్క నిండా ఆక్సిజన్ మోసుకొస్తున్న రక్తం, ఇటుపక్క ఆక్సిజన్ అంటే గిట్టని జనాభా. వరద రోజుల్లో గోదారి గట్టుకి ఊట పడితే ఇసకబస్తాలు వేస్తాం. మరి ఇక్కడ ఊట ఎందుకు పడట్లేదు?

గోడ కణాలు వచ్చిన ఆక్సిజన్‌ని వచ్చినట్టే కాల్చేస్తాయి కాబట్టి. కాల్చడానికి వాటికి కట్టెలు కావాలి. పేగు కణాలు రక్తంలోని గ్లూకోజు మీద బతుకుతాయనుకుంటాం కదా. కాదు. పెద్దపేగు గోడ తన శక్తిలో సుమారు 70 శాతం బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం నుంచి తెచ్చుకుంటుంది. ఆ బ్యుటిరేట్‌ని తయారుచేసేది ఎవరు? గాలి గిట్టని ఆ బాక్టీరియాయే. దేనితో? మనం అరిగించుకోలేక కిందికి వదిలేసిన పీచుతో. మనం తిన్న తేగలో పీచు బాక్టీరియాకి, బాక్టీరియా వదిలిన బ్యుటిరేట్ గోడకి. గోడ దాన్ని కాల్చి ఆక్సిజన్‌ని ఖర్చుచేసి బాక్టీరియాకి గాలి తగలకుండా కాస్తుంది. ఎవరు యజమాని, ఎవరు పాలేరు అని అడిగితే చెప్పలేం.

(ముక్కిపోయిన వెన్న వాసన ఉంటుందే, అదే బ్యుటిరిక్ ఆమ్లం. నెయ్యిలోనూ కొంచెం ఉంటుంది. "అయితే పప్పులో ఇంకో గరిటె నెయ్యి వేసుకోవచ్చన్నమాట" అని నా చుట్టూ చాలామంది ఆశపడ్డారు. నేతిలోది పైన చిన్నపేగులోనే పీల్చుకుపోతుంది, పెద్దపేగుదాకా రాదు. నెయ్యి రుచికోసం వేసుకోండి.)

ఇప్పుడు యాంటీబయోటిక్ వేసి చూద్దాం. 1954లో చికాగోలో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. మామూలు ఎలుకకి సాల్మొనెల్లా జబ్బు తెప్పించాలంటే నోటి ద్వారా లక్ష బాక్టీరియా ఇవ్వాల్సి వచ్చింది. ముందుగా ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూస్తే పది లోపే చాలాయి. లక్ష ఎక్కడ, పది ఎక్కడ! సొంత బాక్టీరియా ఊరికే ఉండటం కాదు, కాపలా కాస్తోందని అప్పుడే తెలిసింది. ఎలా కాస్తోందో, అందులో ఆక్సిజన్ పాత్రేమిటో తేలడానికి మాత్రం అరవై ఏళ్ళు పట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ బాయిమ్లర్ బృందం 2016, 2017లలో బయటపెట్టిన సంగతి ఇది. కాస్త ఓపికగా చదవండి. గోడ కణంలో పీపార్-గామా అనే స్విచ్చి ఉంటుంది. బ్యుటిరేట్ ఆ స్విచ్చిని నొక్కి ఉంచుతుంది. నొక్కి ఉన్నంతసేపూ కణం మైటోకాండ్రియాలో బ్యుటిరేట్‌ని కాలుస్తుంది, ఆక్సిజన్ ఖర్చవుతుంది. బ్యుటిరేట్ ఆగితే స్విచ్చి వదులవుతుంది. కణం గ్లూకోజుని లాక్టేటుగా పులియబెట్టడం మొదలుపెడుతుంది. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. వాడని ఆక్సిజన్ పేగులోకి ఊరుతుంది. అంతటితో ఆగదు, ఐనాస్ అనే ఎంజైము లేచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, అది నైట్రేట్ అవుతుంది. ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటివి ఆక్సిజన్‌తోనూ బతుకుతాయి, నైట్రేట్‌తోనూ ఊపిరి పీలుస్తాయి. మంచివాళ్ళు ఊళ్ళో లేరు, గాలి ఆడుతోంది, ఇంకేం కావాలి?

ఇది చెప్పగానే మా బావమరిది, "అంటే మందు నా కడుపులో ఏరేటర్లు ఆన్ చేసిందన్నమాట" అన్నాడు. నేను ముప్పై ఏళ్ళు పెద్దపేగు పని "నీటిని పీల్చుకొనుట" అని చెప్పి, అలా రాసినవాళ్ళకి రెండు మార్కులు వేశాను. ఆ మార్కులు వెనక్కి తీసుకోవాలనిపించింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు దీన్నే "మందులు వేడి చేశాయి" అని మజ్జిగ తాగించేవారు. వేడీ లేదు, చల్లనా లేదు. కానీ మందు వల్ల కడుపు పాడైందని కనిపెట్టారు చూడండి, అది మాత్రం నిజమే.

యాంటీబయోటిక్‌ని తిట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. ముఖ్యంగా భీమవరం పేరెత్తి తిట్టకూడదు. 1895లో ఆ ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. చిన్నపేగులో ఉండకూడని బాక్టీరియా పెరిగి, ఒంటికి ఫోలిక్ ఆమ్లం అందకుండా పోయే జబ్బది. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచి 1945లో కృత్రిమ ఫోలిక్ ఆమ్లం, 1948లో మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ వచ్చాయి. ఇవాళ్టికీ ఆ రకం స్ప్రూకి ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. మందు కావాల్సినచోట మందే. పంటి నొప్పికి ప్రతిసారీ కావాలా అన్నది వేరే సంగతి.

ఇక ఇమ్యూనిటీ. రొయ్యకి యాంటీబాడీలు ఉండవు. ఒకసారి జబ్బు వస్తే గుర్తుపెట్టుకునే మనలాంటి ఏర్పాటు దానికి లేదు కాబట్టి రైతు నీళ్ళనే కాపాడుకోవాలి. మనకి ఆ ఏర్పాటు ఉంది, అందులో సింహభాగం పేగు చుట్టూనే మోహరించి ఉంది. రోజుకి కొన్ని గ్రాముల ఐజీఏ యాంటీబాడీ పేగులోకి కారుతుంది. ఏ బాక్టీరియా సోకకుండా పెంచిన ఎలుకల్లో ఈ ఐజీఏ తయారీ పడిపోయి ఉంటుంది, పేగు గోడలోని రోగనిరోధక గుబ్బలు ఎదగవు. సైన్యం ఉంది, శిక్షణ లేదు. ఆ శిక్షణలో మళ్ళీ మన బ్యుటిరేటే కనిపిస్తుంది. టీ-రెగ్ అనే కణాలుంటాయి, వాటి పని ఆపడం. తిన్న అన్నం మీదా, సొంత బాక్టీరియా మీదా యుద్ధానికి దిగొద్దని మిగతావాటికి చెప్పడం. బ్యుటిరేట్ పెద్దపేగులో ఈ కణాల్ని పెంచుతుందని 2013లో ఎలుకల్లో చూపించారు. అందుకే "ఇమ్యూనిటీ పెంచుతుంది" అన్న లేబుల్ చూస్తే నాకు చిరాకు. ఆస్తమా కూడా అక్కర్లేనిచోట పెరిగిన ఇమ్యూనిటీయే. బండికి ఇంజను ఒక్కటే ఉంటే చాలా? బ్రేకు ఉండొద్దూ?

మరి ఆ బుల్లి సీసా? దానిమీద 200 కోట్ల స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోతున్న బాక్టీరియా) అని రాసి ఉంది. పెద్ద సంఖ్యే. 38 లక్షల కోట్లలో 200 కోట్లంటే పంతొమ్మిది వేలమంది ఉన్న ఊళ్ళో బస్సు దిగిన ఒక్క మనిషి. చాలావరకు వీళ్ళు స్థిరపడరు. సత్రంలో నాలుగు రోజులుండి పోతారు. గాలి గిట్టని అసలు పెద్దల్ని సీసాలో పెట్టి అమ్మడం కష్టం కాబట్టి, గాలిని తట్టుకునేవాటినే పెట్టి అమ్ముతున్నారు. యాంటీబయోటిక్ విరేచనాల్ని కొన్ని స్ట్రెయిన్లు తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి. అయితే 2018లో ఇజ్రాయెల్‌లో చేసిన ఒక పరిశోధనలో, యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ మిశ్రమం తీసుకున్నవాళ్ళ సొంత బాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. సత్రం మనుషులు ఇల్లుగలవాళ్ళని లోపలికి రానివ్వలేదు.

అలాగని తీసిపారేయలేను. దానికి కారణం పక్కనున్న ఒడిశా. అక్కడి పల్లెల్లో 4,556 మంది పసికందుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. పుట్టిన కొద్ది రోజులకే, తల్లిపాలతో పాటు వారం రోజులు మన ప్లాంటారమ్‌గారిలో ఒక స్ట్రెయిన్‌ని, దానికి మేతగా కొంచెం పీచుచక్కెరని కలిపి ఇచ్చారు. రక్తం విషమయ్యే సెప్సిస్, మరణాలు కలిపి చూస్తే, ఇవ్వని పిల్లల్లో 9 శాతం, ఇచ్చినవాళ్ళలో 5.4 శాతం. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. పేగులో వేసింది ఊపిరితిత్తుల దగ్గర పనిచేసింది! అప్పుడే పుట్టినవాళ్ళ పేగు ఇంకా ఖాళీ ఊరు, ముందు దిగినవాడికి స్థలం దొరుకుతుంది. అయితే వాళ్ళు దాదాపు నెలలు నిండి, తగిన బరువుతో పుట్టిన పిల్లలు. నెలలు నిండని బిడ్డకి సొంతంగా ఇలాంటివి ఇవ్వడం ప్రమాదం. డాక్టరు చూడకుండా ముట్టుకోకండి.

పెద్దవాళ్ళం మనకి ఊరు నిండా జనం ఉన్నారు. వాళ్ళకి మేత వెయ్యాలి. ఈ విషయంలో కోనసీమ తిండిని మించింది నాకు తెలీదు. పనసపొట్టు కూర, అరటిదూట పెరుగుపచ్చడి, కూర అరటికాయ, సంక్రాంతి వేళ తేగలు. తేగని చీల్చి, చందమామ తీసి పారేసి నములుతుంటే పళ్ళ సందున ఇరుక్కుంటుందే, ఆ నారే. చద్దన్నం కూడా, వండిన అన్నం చల్లారితే అందులో పిండి పదార్థం కొంత గట్టిపడి అరక్కుండా కిందికి దిగుతుంది. మా అమ్మమ్మ తరవాణి కుండలో ఏ స్ట్రెయిన్ ఉండేదో ఎవరికీ తెలీదు కాబట్టి 2001 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం దాన్ని ప్రోబయోటిక్ అనకూడదు. నేను తాగుతాను.

మా బావమరిదికి నాలుగో రోజుకి తగ్గింది. "సీసాల వల్లా, దానంతటదేనా?" అన్నాడు. ఒక్క మనిషిని చూసి చెప్పలేమన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఈ పంటకి ఒక చెరువులోనే ప్రోబయోటిక్ పోస్తాను, రెండోది వదిలేస్తాను. పట్టుబడిలో తేడా చూద్దాం" అన్నాడు. నాకు భలే సంతోషమేసింది. రెండింటికీ నీళ్ళు ఒకే కాలవవేనా అని అడిగాను.

"లేదు బావా, ఒకదానికి బోరు."

"మరి రొయ్య పిల్ల?"

"వేరువేరు హేచరీల నుంచి తెచ్చాను."

లెక్క కుదరదురా అన్నాను.