ఆక్సిజన్ సిలిండర్‌కు నూనె పూయకండి: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్లకు వెళ్లి ఆక్సిజన్ సిలిండర్లు, గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సన్‌ట్రేటర్ యంత్రాలు బిగించి, మరమ్మతు చేయడం నా వృత్తి. ఏ ఊరికి వెళ్లినా, వాల్వు బిగుసుకుపోతే రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తే సరిపోతుందని చెప్పేవారు ఒకరైనా ఉంటారు. ఇంతకంటే ప్రమాదకరమైన సలహా నేను వినలేదు.

ఆక్సిజన్ తనంతట తాను మండదు కాని, మండే ప్రతి వస్తువునూ విపరీతంగా మండిస్తుంది. నిండు సిలిండర్‌లో చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోల పీడనం ఉంటుంది. వాల్వు ఒక్కసారిగా తిప్పితే ఆ వాయువు, పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్‌లోని ఇరుకు చోటులోకి దూసుకువెళ్లి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడికి పుట్టే వేడికే, అక్కడ జిడ్డు ఉంటే, అగ్గిపుల్లతో పని లేకుండా అంటుకోగలదు. అందుకే వాల్వును మెల్లగా తెరవాలి. తలకు నూనె రాసిన చేతులతోనూ, సైకిల్ షాపు నుంచి తెచ్చిన జిడ్డు స్పానరుతోనూ దాన్ని ముట్టుకోరాదు.

బొబ్బిలి దగ్గర ఒక ఇంట్లో రెగ్యులేటర్ మరచుట్ల నిండా నల్లటి గ్రీజు కనిపించింది. "మోటారుకు పెడతాం కదండీ, దీనికి పెడితే తప్పేమిటి?" అన్నాడు ఆ ఇంటి అబ్బాయి. తండ్రి ఆయాసపడుతుంటే, గ్యాస్ బుస్సుమని కారుతుంటే, ఎవరో ఫోనులో చెప్పిన చిట్కా పాటించాడు. అతన్ని తప్పుపట్టలేను, తెలియకుండా చిట్కాలు పంచేవారిని మాత్రం క్షమించలేను. అసలు కారణం నలిగిపోయిన వాషరు. గ్రీజు అంటిన ఆ రెగ్యులేటర్‌ను తుడిచి వాడే ప్రసక్తే లేదు కనుక, గ్రీజు అంటిన భాగాలన్నీ పక్కన పెట్టించి, వేరే సిలిండర్‌కు కొత్త వాషరుతో కొత్త రెగ్యులేటర్ బిగించాను.

ఇక అడ్డపొగ, అంటే చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. నిప్పు నోటిలోపలే ఉంటుంది కనుక భయం లేదని మన పెద్దమ్మలు వాదిస్తారు. ముక్కు గొట్టం నుంచి వచ్చే ఆక్సిజన్ చీరకు, దుప్పటికి, జుట్టుకు పట్టి ఉంటుంది. వాల్వు కట్టేసిన తరువాత కూడా కాసేపు అలాగే నిలుస్తుంది. చుట్ట మానవలసిందే. పొయ్యికీ, దేవుడి దీపానికీ కనీసం మూడు మీటర్ల దూరం పాటించాలి. ముక్కు ఎండిపోతే వాజిలిన్ కాదు, నీటితో చేసిన జెల్ రాయాలి.

ఆక్సిజన్ పెడితే అలవాటు పడిపోతారన్నది వట్టి పుకారు. ఎంత ఎక్కువ పెడితే అంత మేలన్నదీ తప్పే. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి సాధారణంగా 88 నుంచి 92 శాతం సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ స్థాయి) చాలు, అంతకు మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్మవచ్చు. డాక్టరు రాసిన ఫ్లోను (నిమిషానికి ఎన్ని లీటర్లన్నది) మీరు మార్చకండి.

కాన్సన్‌ట్రేటర్ ఉంటే సిలిండర్ అక్కరలేదనుకోవడం మరో పొరపాటు. అది గదిలోని గాలినే వడకడుతుంది, కాని కరెంటు లేనిదే నడవదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు సిలిండరే దిక్కు. 1500 లీటర్ల ఆక్సిజన్ పట్టే బీ టైప్ సిలిండర్ నిమిషానికి రెండు లీటర్ల చొప్పున సుమారు పన్నెండున్నర గంటలు వస్తుంది. గేజి ముల్లు సగానికి దిగితే ఆరు గంటలే మిగిలినట్టు. రీఫిల్లింగ్‌కు అప్పుడే ఫోన్ చేయాలి.