ఫైల్‌లో లేని కాగితం: మగవారి సంతానలేమిపై అపోహలు, వాస్తవాలు

పదహారేళ్లుగా సంతాన సాఫల్య కేంద్రాల ల్యాబుల్లో వీర్యపరీక్షలు చేస్తున్నాను. వచ్చే ప్రతి జంట చేతిలో ఒక ఫైల్ ఉంటుంది. అందులో భార్య థైరాయిడ్ రిపోర్టు, నాలుగైదు స్కానింగులు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే ఉంటాయి. ఒక్కోసారి ల్యాప్రోస్కోపీ సీడీ కూడా ఉంటుంది. భర్త పేరు మీద మాత్రం ఒక్క కాగితం కనబడదు. ఆయన చేయించుకోవాల్సిన మొదటి పరీక్షకు సూది కూడా గుచ్చరు, గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. అది చేయించకుండానే ఆమెకు మత్తు ఇచ్చి పొట్టకు గాట్లు పెట్టారని తెలిసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా ‘గొడ్రాలు’ అన్న మాట పడేది ఆమే.

అపోహ: సంసారం బాగానే ఉంది, ఇక నాలో లోపం ఎందుకుంటుంది?

ఈ మాట నేను వినని వారం లేదు. అంగస్తంభన రక్తనాళాలు, నరాల పని. వీర్యకణాలు తయారుచేయడం వృషణాల పని. ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. పైగా వీర్యంలో ఎక్కువ భాగం ప్రోస్టేట్, దాని పక్కనుండే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. అందులో కణాల వాటా చాలా తక్కువ. అందుకే ఒక్క కణం కూడా లేని శాంపిల్ సీసాలో అచ్చం మామూలుగానే కనిపిస్తుంది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా రంగు, చిక్కదనం చూసి నేను ఏమీ చెప్పలేను. చిన్న చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే కొందరిది చేపపిల్లలు వదిలిన చెరువులా ఉంటుంది. కొందరిది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ శాంపిల్ ఇచ్చిన మనిషి బయట కుర్చీలో ఆరోగ్యంగా, దిట్టంగా కూర్చుని ఉంటాడు. కౌంట్‌కీ, అంటే వీర్యకణాల సంఖ్యకీ, మగతనానికీ సంబంధం లేదు.

అపోహ: కౌంట్ తక్కువని రిపోర్టు వచ్చింది, ఇక పిల్లలు పుట్టరు.

రిపోర్టులో పక్కన వేసే అంకెలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చినవి: మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవారి శాంపిళ్లు చూసి, వారిలో అట్టడుగు 5 శాతం ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీసిన గీత ఇది. అంటే ఆ గీత కింద ఉండి కూడా తండ్రులైనవాళ్లు ఆ లెక్కలోనే ఉన్నారు. ‘సరైన ఆకారం 4 శాతం’ చూసి 96 శాతం పాడైపోయాయని ఏడ్చినవాళ్లను చూశాను. అది మామూలే, భయపడకండి.

ఇంకో సంగతి. వృషణంలో ఒక కణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, బయటికి రావడానికి మరో వారం రెండు వారాలు. కాబట్టి ఇవాళ్టి శాంపిల్ చెప్పేది రెండు మూడు నెలల కిందటి కథ. అప్పట్లో డెంగీతోనో వైరల్ జ్వరంతోనో పడుకుని ఉంటే ఇప్పుడు కౌంట్ పడిపోవచ్చు. ఆ జ్వరం సంగతి ల్యాబులో చెప్పండి. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా రండి. మొదట పడే భాగంలోనే కణాలు ఎక్కువగా ఉంటాయి, అది కిందపడితే సిగ్గుపడకుండా చెప్పేయండి. మామూలు కండోమ్‌లో తెస్తే అందులోని జిగురుకి కణాలు చచ్చిపోతాయి. రిపోర్టు తేడాగా వస్తే, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

అపోహ: ఒక్క చుక్క వీర్యం వంద చుక్కల రక్తం.

బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనలు బతికేది ఈ నమ్మకం మీదే. వీర్యం రక్తం నుంచి తయారు కాదు. పోతే ఒంట్లో బలం తగ్గదు, దాచుకుంటే పెరగదు. స్వప్నస్ఖలనం, హస్తప్రయోగం వల్ల కణాలు అయిపోవు. ఈ భయంతో నీరసం, నిద్రలేమి, దిగులు తెచ్చుకునేవారు మన దేశంలో ఎంతమందో. మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే దీనికి ‘ధాతు సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. చికిత్స కావాల్సింది ఆ భయానికి.

అపోహ: టెస్టోస్టిరాన్ మగ హార్మోనే కదా, ఇంజెక్షన్ తీసుకుంటే కౌంట్ పెరుగుతుంది.

ఈమధ్య నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఇదే. బయటి నుంచి హార్మోను వచ్చిపడితే మెదడు ‘ఇక చాలు’ అనుకుని వృషణాలకు సంకేతాలు ఆపేస్తుంది. అవి పని మానేస్తాయి. ఈ సంగతి ఎంత గట్టిదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ టెస్టోస్టిరాన్‌ను మగవారికి గర్భనిరోధకంగానే పరీక్షించింది. 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇస్తే 157 మందిలో కణాలు పూర్తిగా సున్నా అయ్యాయి. ఆ ఇంజెక్షన్ మీదే ఆధారపడి ఏడాది పాటు వాళ్లను గమనిస్తే వచ్చిన గర్భం ఒక్కటే. 1990లో అచ్చయిన ఫలితం ఇది. మన జిమ్‌లలో కుర్రాళ్లకు ఈనాటికీ చేరలేదు.

ఇరవై తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు వచ్చాడు. కండలు తిరిగిన శరీరం, కౌంట్ సున్నా. రెండేళ్లుగా ట్రైనర్ చెప్పిన ఇంజెక్షన్లు వేసుకుంటున్నాడని మూడోసారి అడిగితేగానీ చెప్పలేదు. డాక్టర్ పర్యవేక్షణలో ఆపించారు. పది నెలల తర్వాత అతని స్లైడు మీద మళ్లీ కదలిక చూశాను. అందరికీ అంత తొందరగా తిరిగి రాదు.

అపోహ: కౌంట్ పెరగడానికి జింక్ మాత్రలు వేసుకుంటే చాలు.

అమెరికాలో 2,370 జంటల మీద ఇదే పరీక్షించారు. భర్తలకు ఆరు నెలలు ఫోలిక్ యాసిడ్, జింక్ ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం: మాత్ర వేసుకున్నవారి ఇళ్లలో 34 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి ఇళ్లలో 35 శాతం మందికి పిల్లలు పుట్టారు. ఆ డబ్బుతో సిగరెట్ మానిపించే డాక్టర్ దగ్గరికి వెళ్లినా కొంత మేలు.

బిగుతు లోదుస్తులు, ఒళ్లో ల్యాప్‌టాప్ అంటారా? వేడి కణాలకు మంచిది కాదన్నది నిజమే, వదులువి వేసుకోండి. అంతమాత్రాన సున్నా పదిలక్షలు కాదు.

అపోహ: కౌంట్ సున్నా అంటే సున్నాయే.

కణాలు తయారవుతున్నా దారి మూసుకుపోయి బయటికి రానివాళ్లు ఉంటారు. తయారీయే లేనివాళ్లు ఉంటారు. కొందరిలో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంటుంది, పెళ్లయి పరీక్షకు వచ్చేదాకా ఆ సంగతే తెలియదు. కొందరిలో వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్క ఉండదు. కొన్ని ముక్కలు పూర్తిగా లేకపోతే సర్జరీ చేసినా కణాలు దొరకవు, అందుకే కత్తి పట్టకముందే ఆ ముక్కలు ఉన్నాయో లేదో చూసే రక్తపరీక్ష చేయించాలి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఈ విషయంలో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. కణాల తయారీకి టెక్స్13బి అనే జన్యువు అవసరమని 2024లో తేల్చింది కూడా వాళ్లే.

1992కు ముందు ఇలాంటివారికి దాతల వీర్యం తప్ప దాదాపు మరో దారి లేదు. ఆ ఏడాది బ్రస్సెల్స్ పరిశోధకులు ఒకే ఒక్క కణాన్ని అండంలోకి ఎక్కించి గర్భాలు సాధించారు. ఇప్పుడు తయారీ లోపం ఉన్నవారికి కూడా సర్జన్ మైక్రోస్కోపు కింద వృషణంలోంచి మెత్తటి పోగులు తీసి మాకు పంపుతారు. వాటిని చిదిపి, డిష్ తర్వాత డిష్ వెతుకుతాం. రెండు గంటలు, మూడు గంటలు. సుమారు సగం మందిలో దొరుకుతాయి. దొరకని రోజు ఆ మాట చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. దొరికిన రోజు, ఎక్కడో మూలన ఒక్క తోక సన్నగా కదిలినప్పుడు, తల ఎత్తకుండానే ఆపరేషన్ గదిలోకి వినిపించేలా “ఉంది సార్!” అని అరుస్తాను.