గెలాక్సీల రెడ్‌షిఫ్ట్ కొలతలో దాగే తప్పులు: అపోహలు - వాస్తవాలు

గెలాక్సీల వర్ణపటాలు (కాంతిని రంగులవారీగా విడదీసిన పట్టీలు) తీసి, వాటిలోని రేఖలు ఎరుపు వైపు ఎంత జరిగాయో లెక్కకట్టడం నా వృత్తి. ఆ జరుగుబాటునే రెడ్‌షిఫ్ట్ అంటాం. గెలాక్సీల దూరాలనూ విశ్వం విస్తరించే వేగాన్నీ లెక్కించేది దీని ఆధారంగానే. అందుకే దీని కొలత గురించి విద్యార్థుల్లోనూ తోటివారిలోనూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను సరిచేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: దూరం కొలవడమే కష్టం. రెడ్‌షిఫ్ట్‌లో తప్పుకు తావు లేదు.

వాస్తవం: తావు చాలానే ఉంది. హైడ్రోజన్ ఆల్ఫా రేఖనే తీసుకుందాం. దాని తరంగదైర్ఘ్యం గాలిలో 6562.8 ఆంగ్‌స్ట్రాములు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), శూన్యంలో 6564.6. రెండూ సరైన విలువలే. నేలమీది టెలిస్కోపులతో పనిచేసేవారిలో గాలి విలువలు వాడటం పాత అలవాటు. లక్షల గెలాక్సీల వర్ణపటాలు తీసిన స్లోన్ సర్వే మాత్రం శూన్యం విలువలు ఇస్తుంది. గాలి స్కేలులో ఒక గెలాక్సీ రేఖ 6760 దగ్గర కనిపించిందనుకోండి. దాన్ని గాలి విలువతో భాగించి ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ 0.03005 వస్తుంది. పొరపాటున శూన్యం విలువ వాడితే 0.02977. తేడా 0.00028, అంటే సెకనుకు దాదాపు 84 కిలోమీటర్లు. ఆ గెలాక్సీ మొత్తం రెడ్‌షిఫ్ట్‌లో ఇది ఇంచుమించు ఒక శాతం. విశ్వం విస్తరించే వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకం (మెగాపార్సెక్ దూరానికి సెకనుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పే సంఖ్య) 67 దగ్గర ఉందా, 73 దగ్గర ఉందా అని తేల్చుకోలేకపోతున్న రోజుల్లో ఒక శాతాన్ని తేలిగ్గా తీసుకోలేం.

అపోహ: వేల గెలాక్సీలను కొలిస్తే తప్పులు వాటంతటవే సర్దుకుంటాయి.

వాస్తవం: ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చే యాదృచ్ఛిక దోషం సర్దుకుంటుంది. ఎప్పుడూ ఒకే వైపు లాగే క్రమబద్ధ దోషం సర్దుకోదు. పాసంగం ఉన్న తక్కెడలో ఎన్ని బస్తాలు తూచినా తూకం సరికాదు. పైగా కొలతలు పెరిగేకొద్దీ ఫలితం పక్కన రాసే అనిశ్చితి చిన్నదవుతుంది, తప్పు విలువ మీద ధీమా పెరుగుతుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. పదివేలవ వంతు స్థాయి క్రమబద్ధ దోషం కూడా హబుల్ స్థిరాంకాన్ని గమనించదగ్గంతగా కదిలించగలదని ఖగోళ శాస్త్రవేత్త టమారా డేవిస్ బృందం 2019లో చూపింది.

అపోహ: భూమి, సూర్యుడి కదలికలు గెలాక్సీల వేగాల ముందు లెక్కలోకి రావు.

వాస్తవం: 1912లో లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ ఆండ్రోమెడా వర్ణపటం తీశాడు. అది సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్నట్టు తేలింది. ఆ కొలత నేటికీ చెక్కుచెదరలేదు. కానీ అందులో ఎక్కువ భాగం ఆండ్రోమెడాది కాదు, పాలపుంత కేంద్రం చుట్టూ తిరుగుతున్న మన సూర్యుడిది. ఆ భాగం తీసేస్తే రెండు గెలాక్సీలు దగ్గరవుతున్న వేగం సుమారు 110 మాత్రమే.

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. కాబట్టి ఒకే గెలాక్సీని ఆరు నెలల తేడాతో చూస్తే వేగంలో 60 వరకు తేడా రావచ్చు. ఈ తేడాను సవరించేటప్పుడు ప్లస్, మైనస్ గుర్తు తారుమారైతే దోషం పోదు సరికదా, రెట్టింపవుతుంది. ఇక బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలి అన్ని దిక్కులా నిండిన విశ్వ నేపథ్య వికిరణంతో పోలిస్తే సూర్యుడి వేగం దాదాపు 370. దీన్ని సవరించేటప్పుడు చాలామంది రెడ్‌షిఫ్ట్‌లను కూడేస్తారు. కూడకూడదు. ప్రతి రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి, వాటిని గుణించాలి. దగ్గరి గెలాక్సీలకు కూడిక సరిపోయినట్టే కనిపిస్తుంది. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గరికి వచ్చేసరికి ఆ అడ్డదారి వల్లే 0.0012 వరకు తేడా వస్తుంది.

అపోహ: రంగులు చూసి చెప్పినా, ఒక్క రేఖ చూసి చెప్పినా చాలు.

వాస్తవం: 2022లో జేమ్స్ వెబ్ చిత్రాల్లో సీర్స్-93316 అనే గెలాక్సీ కనిపించింది. రంగులను బట్టి దాని రెడ్‌షిఫ్ట్ 16.4 అని అంచనా వేశారు. అంటే బిగ్ బ్యాంగ్ జరిగిన దాదాపు 25 కోట్ల ఏళ్ల నాటిదన్నమాట. తర్వాత వర్ణపటం తీస్తే తేలింది 4.9. ఆక్సిజన్, హైడ్రోజన్ ఉద్గార రేఖలు బలంగా ఉండి, అవి పడిన ఫిల్టర్లలో వెలుగును పెంచాయి. దాంతో గెలాక్సీ ఎంతో దూరాన ఉన్నట్టు కనిపించింది. ఒకే రేఖ దొరికినా ఇదే ఇబ్బంది. అది ఆక్సిజన్ రేఖా, లైమన్ ఆల్ఫా అనే హైడ్రోజన్ రేఖా అన్నది తేలకపోతే దూరమంతా తలకిందులవుతుంది. ఆక్సిజన్ రేఖ 3726, 3729 దగ్గర జంటగా ఉంటుంది. ఆ జంటను విడదీయగల పరికరం ఉంటే సందేహం తీరుతుంది.

అపోహ: రేఖ వేగమే గెలాక్సీ వేగం.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. లైమన్ ఆల్ఫా కాంతి బయటికి తోసుకొస్తున్న వాయువులో పడి వస్తుంది కాబట్టి, తరచు సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లు ఎరుపు వైపు జరిగి కనిపిస్తుంది. కాంతిని పరికరానికి చేరవేసే ఫైబర్ తీగ గెలాక్సీ కేంద్రం మీద కాక అంచున పడితే ఆ అంచు తిరిగే వేగం కూడా లెక్కలో చేరుతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ రెడ్‌షిఫ్ట్ ఇచ్చాక వర్ణపటాన్ని చూడనక్కర్లేదు.

వాస్తవం: చూడాలి. తరంగదైర్ఘ్యాలు ముందే తెలిసిన దీపం రేఖలతో స్కేలు కట్టాక, నేను ముందుగా వెతికేది 5577.3 ఆంగ్‌స్ట్రాముల దగ్గరి ఆకుపచ్చ రేఖను. అది గెలాక్సీది కాదు, మన వాతావరణంలోని ఆక్సిజన్‌ది. టెలిస్కోపు వాలు మారినప్పుడు వర్ణపటమాపకం సూక్ష్మంగా వంగుతుంది. రాత్రి చల్లబడేకొద్దీ లోపలి భాగాలు కాస్త జరుగుతాయి. ఆ రేఖ 5578.3 దగ్గర కనిపిస్తే, ఆ వర్ణపటంలోని గెలాక్సీ వేగంలో సెకనుకు 50 కిలోమీటర్లకు పైగా తప్పు చేరినట్టే. ఆకాశమే ఉచితంగా ఇచ్చే ఈ పరీక్షను వదులుకోవడం నాకు అర్థం కాదు.

అపోహ: అయితే హబుల్ స్థిరాంకం వివాదానికి కారణం ఈ తప్పులే.

వాస్తవం: కాదు. 2022లో పాంథియన్ ప్లస్ బృందం 2607 సూపర్‌నోవా (పేలే నక్షత్రాల) రెడ్‌షిఫ్ట్‌లను మళ్లీ పరిశీలించింది. ఐదింటిలో భూమి కదలికను తీసేసే సూర్యకేంద్ర సవరణ లేదు, లేదా తప్పుగా ఉంది. 44 సూపర్‌నోవాల స్థానాలు లేవు, లేదా తప్పు. దాదాపు 1200 రెడ్‌షిఫ్ట్‌లకు అనిశ్చితి విలువే రాయలేదు. అన్నీ సరిదిద్దాక హబుల్ స్థిరాంకం మారింది సుమారు 0.1 మాత్రమే. 67 అనేవారికీ 73 అనేవారికీ మధ్య ఉన్న అంతరం 5కు పైగా.