డాలీ పార్టన్ ఆ సగం ఎందుకు ఇవ్వనంది?

2025 మేలో టేలర్ స్విఫ్ట్ తన మొదటి 6 ఆల్బమ్‌ల మాస్టర్లు, అంటే అసలు రికార్డింగుల హక్కులు, తిరిగి కొనుక్కుందన్న వార్త చదివినప్పుడు ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే. తను రాసి తను పాడిన పాటల్ని మళ్లీ తనే డబ్బు పెట్టి కొనుక్కోవడమేంటి? దీని వెనక దాదాపు వందేళ్ల కథ ఉంది. అందులో చాలాభాగం అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలోనే, అక్కడి పల్లె పాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతం చుట్టూనే నడిచింది. ఆ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది తన పాటలు తనే రాసుకునే కంట్రీ గాయని డాలీ పార్టన్ ఫోన్‌లో చెప్పిన ఒక్క మాట, కుదరదు అని.

అది అర్థం కావాలంటే ముందు లెక్క తెలియాలి. అమెరికాలో ఒక పాట మీద రెండు హక్కులుంటాయి. స్టూడియోలో రికార్డయిన గొంతూ వాయిద్యాలూ కలిపి మాస్టర్, అది మామూలుగా రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది. పాట సాహిత్యం, బాణీ మీద హక్కు వేరు, దానిమీద వచ్చే డబ్బు రాసినవాళ్లకి సగం, పబ్లిషర్‌కి సగం. ఇక్కడ పబ్లిషర్ అంటే పుస్తకాలు అచ్చేసేవాడు కాదు. పాటని గాయకుల దగ్గరికి తీసుకెళ్లి, లైసెన్సులిచ్చి, డబ్బు వసూలు చేసిపెట్టేవాడు. ఇంకో సంగతి వింటే చాలామంది నమ్మరు: అక్కడ మామూలు రేడియోలో పాట వేస్తే పాడినవాళ్లకి ఏమీ రాదు, రాసినవాళ్లకీ పబ్లిషర్‌కీ మాత్రమే వస్తుంది.

దీని విలువ ముందుగా పసిగట్టినవాళ్లలో రాల్ఫ్ పీర్ ఒకడు. 1927లో విక్టర్ అనే రికార్డు కంపెనీ తరఫున టెనెసీ, వర్జీనియా సరిహద్దులో ఉన్న బ్రిస్టల్ ఊరికి వచ్చి కొండల్లోని పాటగాళ్లని పిలిపించి రికార్డు చేశాడు. తర్వాత కంట్రీ సంగీతానికి పునాది అనిపించుకున్న కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ అక్కడే దొరికారు. పాటకి 50 డాలర్లు చేతిలో పెడితే వాళ్లకి అదే పెద్ద సొమ్ము. పీర్ మాత్రం కంపెనీ దగ్గర జీతం వద్దన్నాడు, పాటల హక్కులు చాలన్నాడు! ఆ తర్వాత కూడా అదే వరస. డబ్బుకి కటకటలాడుతున్న రోజుల్లో తర్వాత పెద్ద కంట్రీ గాయకుడైన విల్లీ నెల్సన్ 'ఫ్యామిలీ బైబిల్' అనే పాటని 50 డాలర్లకి అమ్ముకున్నాడు. 1960లో అది వేరొకరి గొంతులో హిట్టయితే రాసినవాళ్ల పేర్లలో ఆయన పేరే లేదు.

డాలీ వచ్చింది ఇలాంటి లోకంలోకి. 1946 జనవరి 19న స్మోకీ కొండల దగ్గర సెవియర్ కౌంటీలో, 12 మంది పిల్లల్లో నాలుగోదిగా పుట్టింది. కాన్పు చేసిన డాక్టరుకి ఫీజు కింద ఒక సంచి మొక్కజొన్న పిండి ఇచ్చారట. తండ్రికి చదవడం రాయడం రాదు, కానీ లెక్కలో ఆయన్ని మోసం చేయడం ఎవరి తరమూ కాదని ఆమె ఎప్పుడూ చెబుతుంటుంది. తల్లి గుడ్డముక్కలు అతికి, మన బొంత కుట్టినట్టు, ఒక కోటు కుట్టిపెడితే బడిలో పిల్లలు వెక్కిరించారు. ఆ సంగతే 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' అయింది. 1969లో టూర్ బస్సులో పాట తన్నుకొస్తుంటే కాగితం దొరక్క, అప్పుడు తను పాడుతున్న టీవీ షో నడిపే గాయకుడు పోర్టర్ వ్యాగనర్ బట్టలకి డ్రైక్లీనింగ్ షాపువాళ్లు ఇచ్చిన రసీదుల మీద రాసేసింది.

మేనమామ బిల్ ఓవెన్స్ ఆమెకి చిన్నప్పుడే గిటార్ ఇచ్చాడు, వేదికలెక్కించాడు. 1964లో హైస్కూలు పూర్తయిన మర్నాడే ఆమె కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరానికి బస్సెక్కింది. 1960ల్లోనే ఆ మామతో కలిసి సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది, అంటే పబ్లిషర్‌కి పోయే సగం కూడా బయటికి పోకుండా చూసుకుంది. అప్పటికి ఆమెకి పేరు లేదు, చేతిలో డబ్బూ లేదు. ఆమె అందచందాల గురించీ విగ్గుల గురించీ పేజీలకి పేజీలు రాసేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగరు, అది నాకు బాధగా ఉంటుంది.

1967లో పోర్టర్ వ్యాగనర్ టీవీ షోలో చేరింది. అంతకుముందు అక్కడ పాడిన నార్మా జీన్ కావాలని జనం మొదట్లో అరిచేవాళ్లు, డాలీ ఓపిగ్గా నిలబడింది. ఏడేళ్లలో పోర్టర్‌ని మించిపోయింది. వెళ్లిపోతానంటే ఆయన ఒప్పుకోడు, రోజూ వాదనే. చెప్పి లాభం లేదని ఇంటికెళ్లి ఒక పాట రాసి, పొద్దున్నే ఆయన ఆఫీసులో కూర్చోబెట్టి వినిపించింది. అదే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. ప్రేమికుల పాట అనుకుంటారు గానీ, అది ఉద్యోగం మానేస్తూ గురువుగారికి పెట్టుకున్న దండం. పోర్టర్ కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ పాట నన్ను ప్రొడ్యూస్ చేయనిస్తే వెళ్లు అన్నాడు. 1974లో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది.

అప్పుడొచ్చింది ఎల్విస్ ప్రెస్లీ కబురు, ఆ పాట ఆయన పాడతాడని, రికార్డింగుకి రమ్మని. డాలీ ఊరంతా చెప్పుకుంది. తీరా రికార్డింగు ముందు ఎల్విస్ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి, పబ్లిషింగ్‌లో కనీసం సగం రాసివ్వకపోతే ఎల్విస్ ఏ పాటా పాడడు, అది మా పద్ధతి అన్నాడు.

లెక్కేసి చూడండి. 1909 నాటి చట్టం ప్రకారం ఒక రికార్డు అమ్ముడైతే పాటకి వచ్చేది 2 సెంట్లు, ఆ రేటు 1977 దాకా మారలేదు. అందులో పబ్లిషర్ వాటా ఒక సెంటు, పార్కర్ అడిగిన సగం అంటే అర సెంటు. ఎల్విస్ రికార్డులు లక్షల్లో పోతాయి కాబట్టి, ఇచ్చేసినా ఆ ఏడాది డాలీకి లాభమే. కానీ ఆ అర ఎల్విస్ రికార్డుతో ఆగిపోదు. రేపు ఎవరు పాడినా, ఏ సినిమాలో పెట్టినా, ఏ రేడియోలో వేసినా సగం పార్కర్ మనుషులకి పోతూనే ఉంటుంది. పిచ్చిదానివా, ఎల్విస్‌ని కాదంటావా అని చుట్టూ అందరూ అన్నారు. కుదరదని చెప్పి, ఆ రాత్రంతా ఏడ్చింది. 1977లో ఎల్విస్ చనిపోయాడు, ఆయన గొంతులో ఆ పాట రికార్డు కానే లేదు.

1979లో పోర్టర్ కూడా ఆమె సంపాదనలో తనకి వాటా రావాలని కోర్టుకెక్కాడు. చివరికి బయట రాజీ చేసుకున్నారు.

1992లో 'ది బాడీగార్డ్' సినిమా కోసం పాప్ గాయని విట్నీ హ్యూస్టన్ ఆ పాట పాడింది. డాలీ కారు నడుపుకుంటూ ఇంటికెళ్తోంది, రేడియో పెట్టింది. మొదట వాయిద్యం లేకుండా ఒట్టి గొంతు వినిపించింది, ఎక్కడో విన్న పాటలా ఉందే అనుకుంది. పల్లవి దగ్గరికొచ్చేసరికి ఒళ్లు జలదరించి, ఎక్కడ గుద్దేస్తానో అని కారు పక్కకి ఆపేసింది. ఆ పాట 14 వారాలు అమెరికా చార్టులో మొదటి స్థానంలో కూర్చుంది, రేడియోలో వేసిన ప్రతిసారీ డబ్బు డాలీకి వెళ్లింది. ఆ డబ్బులో కొంత పెట్టి నాష్‌విల్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే పేటలో ఆఫీసు భవనాలు కొన్నానని, అది విట్నీ కట్టిన ఇల్లు అనుకుంటానని ఆమె తర్వాత చెప్పింది.

1995లో సొంత కౌంటీ పిల్లలకి పుట్టినప్పటి నుంచి ఐదేళ్లు వచ్చేదాకా నెలకో పుస్తకం ఉచితంగా పంపడం మొదలుపెట్టింది, చదువురాని తండ్రిని తలచుకునే. ఇప్పుడది వేరే దేశాలకీ పాకి 20 కోట్ల పుస్తకాలు దాటింది.

2007 మేలో నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ సంగీత వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీలో, పోర్టర్ వ్యాగనర్ అక్కడ సభ్యుడై 50 ఏళ్లయినందుకు వేడుక చేశారు. వాటా కోసం ఒకప్పుడు కోర్టుకెక్కిన ఆ పెద్దాయన ఎదుటే డాలీ నిలబడి ఆ పాట పాడింది. అక్టోబర్‌లో ఆయన పోయాడు.