ఎడ్వర్డ్ గులాబీకి ఆ పేరెలా వచ్చింది?

'పన్నీరు గులాబీ' అనే పేరు రెండు వేర్వేరు మొక్కలకు తగులుకుంది. ఒకటి డమాస్క్, అంటే ఉత్తరప్రదేశ్‌లో హసాయన్, కన్నౌజ్ వైపు అత్తరు బట్టీలకు వెళ్లేది. రెండోది ఎడ్వర్డ్, అంటే మన పెరళ్లలో దండలకూ పూజకూ కోసుకునే నాటు గులాబీ. రంగు ఇంచుమించు ఒకటే, వాసనా ఘాటే. పాత బంగళాలోనో గుడి తోటలోనో పేరు తెలియని గులాబీ కనిపిస్తే మొదట విడదీయాల్సింది ఈ రెండిటినే.

ఈ పోలిక ఊరికే రాలేదు, ఎడ్వర్డ్ సగం డమాస్కే. హిందూ మహాసముద్రంలోని బూర్బాన్ దీవిలో (నేటి రీయూనియన్) పొలాలకు గులాబీ కంచె వేసేవారు. ఒక వరస చైనా గులాబీ, పక్క వరస ఏడాదిలో మళ్లీ పూసే రకం డమాస్క్. పెరిషాఁ అనే భూస్వామి కంచెలో ఆ రెండిటినీ పూర్తిగా పోలని మొక్క ఒకటి లేచింది. 1817లో దీవికి వచ్చిన ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెయోఁ దాన్ని పెంచి, ఐదారేళ్లలోపే పారిస్ దగ్గర నూయీలో ఓర్లియాఁ డ్యూక్ తోటమాలి జాక్‌కు గింజలు పంపాడు. యూరప్‌లో బూర్బాన్ గులాబీల వంశం అలా మొదలైంది. దీవిలో దాని పేరు 'రోజ్ ఎదువార్'. ఇంగ్లిష్ నోట పడి ఎడ్వర్డ్ అయింది. ఏడో ఎడ్వర్డ్ రాజుగారితో చుట్టరికమేమీ లేదు, ఆయన గద్దెనెక్కింది 1901లో.

పేరు ఇంకా చిక్కుబడింది నర్సరీల్లో. ఉత్తరాదిన చాలాకాలంగా ఎడ్వర్డ్‌ను అడుగు మొక్కగా వాడి, దాని మీద ఖరీదైన రకాలను అంటు కట్టారు. పైరకం చచ్చిపోతే కింది నుంచి పిలక లేచి పొదవుతుంది. తాతల నాటి అరుదైన గులాబీ అని మురిసిపోయేది ఒక్కోసారి ఈ పిలకనే. అమెరికాలో 'డాక్టర్ హ్యూయీ' అనే ముదురెరుపు రకం ఇలాగే మోసం చేస్తుంది. కాబట్టి పువ్వు చూసేముందు మొక్క మొదలు దగ్గర మట్టి నాలుగైదు అంగుళాలు తవ్వాలి. అంటు కట్టిన చోటి ఉబ్బెత్తు ముడి కనిపించి, కొమ్మ దానికి కిందనుంచి వస్తే మీ చేతిలో ఉన్నది అడుగు మొక్క. ముడి లేకపోతే కొమ్మ నాటి పెంచినదై ఉండొచ్చు.

తర్వాత ఆకు తిప్పి వేలితో రుద్దండి. డమాస్క్ ఆకు అడుగున మెత్తటి నూగు తగులుతుంది, పైన మెరుపుండదు. ఎడ్వర్డ్ ఆకు నునుపు. డమాస్క్ కాండం మీద చిన్నా పెద్దా ముళ్లు, వాటి మధ్య గరుకు నూగు కిక్కిరిసి ఉంటాయి. ఎడ్వర్డ్‌కు ముళ్లు తక్కువ, కొక్కెంలా వంగి ఉంటాయి. పువ్వు కింది బుడిపె డమాస్క్‌కు సన్నగా పొడుగు, ఎడ్వర్డ్‌కు గుండ్రం. ఆకు కాడ మొదట్లో అంటుకుని ఉండే పత్రపుచ్ఛం అంచు దువ్వెన పళ్లలా చీలి ఉందా? అయితే మల్టీఫ్లోరా అనే గులాబీ జాతి రక్తం ఉన్నట్టే. అది కూడా అడుగు మొక్కగా వాడేదే. అన్నిటికన్నా నమ్మదగింది కాలం. అత్తరు డమాస్క్ మైదానాల్లో వేసవి ముందు ఒక్క విడతే పూస్తుంది, ఎడ్వర్డ్ ఏడాదంతా విడతలు విడతలుగా. అంటే ఏడాది ఆగకుండా పేరు చెప్పకూడదు.

ఎక్కువమంది పప్పులో కాలేసేది విచ్చిన పువ్వు ఫొటో ఒక్కటే తీసి. ఎండాకాలంలో అదే మొక్క చిన్న పువ్వు, తక్కువ రేకులు, పాలిపోయిన రంగు చూపిస్తుంది. రేకులు లెక్కపెట్టాలంటే డిసెంబరు, జనవరి పూలు ఐదారు తీసుకోవాలి. వాడినవన్నీ తుంచేయకుండా కొన్ని వదిలితేనే కాయ ఆకారం తెలుస్తుంది.

డీఎన్‌ఏతో తేలిపోతుందనుకోవద్దు. 2000లో జపాన్ పరిశోధకులు నాలుగు పాత డమాస్క్ రకాలను పోలిస్తే, ఒకసారి పూసే 'కజన్లిక్'కూ మళ్లీ పూసే 'కాత్ర్ సెజాఁ'కూ తేడా దొరకలేదు. ఒక మొక్కలో ఏదో ఒక కొమ్మ హఠాత్తుగా మారి, దాని నుంచి పుట్టిన రకాల దగ్గర ఆ పరీక్ష తడబడుతుంది.

పేరు తేలేదాకా దొరికిన చోటునే పేరుగా జంట కొటేషన్ గుర్తుల మధ్య రాసుకోవడం, పాత గులాబీలను వెతికే టెక్సాస్ గులాబీ వేటగాళ్ల పద్ధతి. అలా పాతదనుకున్న "కేటీ రోడ్ పింక్" చివరికి 1977లో అయోవాలో గ్రిఫిత్ బక్ విడుదల చేసిన 'కేర్‌ఫ్రీ బ్యూటీ'గా తేలింది. అసలు పేరు దొరికాక కూడా పాత లేబుల్ పీకేయకండి. అసలు పేరును దాని కింద రాసి, ఏ ఆధారంతో మార్చారో, తేదీ ఏమిటో చేర్చండి.