కాశీతుంబ నాటబోయే పిల్లలకు

పిల్లలూ, ఆశీస్సులు.

మొదటిసారి మొక్క పెంచేవాళ్లకు నేను కాశీతుంబనే ఇస్తాను. బాల్సం అన్నా ఇదే. ఒక్క కాలంలో మొలిచి, పూసి, గింజలిచ్చి ఎండిపోయే మొక్క. విత్తిన రెండు నెలలకు అటూఇటుగా పూత వస్తుంది, అందుకే దాని బతుకంతా మొదటినుంచి చివరిదాకా చూడొచ్చు.

గింజల మీద పల్చగా మట్టి చల్లి తడి ఆరకుండా చూడండి. వారం, రెండు వారాల్లో మొలుస్తాయి. ముందొచ్చే గుండ్రటి జంటాకులు అసలు ఆకులు కావు. రంపపు పళ్ల అంచున్న పొడుగాటి ఆకులు నాలుగైదు వచ్చాక జానెడు దూరంలో ఒక్కో మొక్క ఉంచండి. ఉదయపు ఎండ చాలు.

అసలు జాగ్రత్తంతా నీళ్ల దగ్గరే. దీని కాండం నిండా నీరే. మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలిపోతాయి. చూసి కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. ముందు మట్టిలో వేలు పెట్టండి. లోపల తడి ఉంటే సాయంత్రానికి మొక్క తనే తేరుకుంటుంది. తడి మీద తడి పోస్తే కాండం మొదట్లో కుళ్లి, మొక్క ఒరిగిపోతుంది. కుండీకి అడుగున చిల్లు ఉండాలి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. ఆకుల మీద తెల్లటి బూడిద కనిపిస్తే అది బూడిద తెగులు, ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి.

పూలు ఆకుల చాటున, కాండానికి దగ్గరగా పూస్తాయి. పువ్వు వెనక సన్నటి వంపు తోక ఉంటుంది చూడండి, తేనె అందులోనే. పువ్వు ముందు పుప్పొడి ఇస్తుంది. ఆ పుప్పొడి తిత్తుల టోపీ రాలిపోయాకే కింద కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, బయటపడుతుంది. ఒకే పువ్వును రోజూ గమనిస్తే ఈ మార్పు తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టం దీని కాయ. నూగుతో, మధ్యలో ఉబ్బి ఉంటుంది. ముదిరేకొద్దీ గోడలు నీటితో బిగుసుకుంటాయి, అతుకులు బలహీనపడతాయి. వేలు తగిలిందా, ఐదు ముక్కలుగా చీలి, చుట్ట చుట్టుకుపోతూ గింజల్ని విసిరేస్తుంది! పచ్చి కాయను ఎంత నొక్కినా ఇలా జరగదు.

గింజలు కావాలంటే ముదురు కాయ చుట్టూ గుప్పిట మూసి, లోపలే తాకండి. నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో కట్టి, రంగూ తేదీ రాయండి. ఆరకముందే ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు పడుతుంది. తేనెటీగలు ఒక పువ్వు పుప్పొడి మరోదానికి చేర్చి ఉంటే, ఎర్రపూల మొక్క గింజకు వేరే రంగు పూయొచ్చు. ఏ రంగు వచ్చిందో నాకు రాయండి.

మీ
తాతయ్య